కాస్తా దీవా పియానో మీదకి: ఆరు వారాల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మొత్తానికి ఇవాళ మొదలుపెట్టాను. ఇటలీ స్వరకర్త బెల్లీని రాసిన ‘నోర్మా’ ఒపేరాలో (ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకం) ‘కాస్తా దీవా’ అనే పాట ఉంది కదా, దాన్ని సోలో పియానోకి నేనే రాసుకుంటున్నాను. గాయని ఉండదు, ఆర్కెస్ట్రా ఉండదు, కోరస్ ఉండదు. రెండు చేతులు, ఒక పెడల్, అంతే.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందంటే, పియానో విద్వాంసుడూ స్వరకర్తా అయిన లిస్ట్ 1841లో ‘నోర్మా’ పాటల మీద ఒక పెద్ద పియానో ఫాంటసీ రాశాడు. మొదటిసారి విన్నప్పుడు డ్రూయిడ్ల (నోర్మా జనపు పూజారుల) కోరస్ వచ్చింది, యుద్ధగీతం వచ్చింది, చివరి దృశ్యంలో నోర్మా తండ్రిని వేడుకునే చోటు వచ్చింది, నేను మాత్రం ‘కాస్తా దీవా’ ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూస్తూ కూర్చున్నాను. రాలేదు. ఒపేరా మొత్తంలో అందరికీ తెలిసిన పాటనే ఆయన వదిలేశాడు. ఎందుకు వదిలాడో ఆ ఫాంటసీని పదిసార్లు విన్నాక నాకు అర్థమైంది: ఆయనకి కావలసింది ఒకవైపు నోర్మా, ఇంకోవైపు ఆమె జనం, వాళ్ల మధ్య ఘర్షణ. వెన్నెల్లో నిలబడి చేసే ప్రార్థనకి ఆ కథలో చోటు లేదు. ఆయన చేసింది సరైనదే అని నా నమ్మకం. కానీ నాకు ఆ ప్రార్థనే కావాలి.

కథ తెలియనివాళ్లకి రెండు మాటలు. గాల్ దేశం (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం), రోమన్ల పాలన. జనమంతా తిరగబడదాం అంటున్నారు. పూజారిణి నోర్మా ఇంకా సమయం రాలేదని వాళ్లని ఆపి, చంద్రుణ్ణి దేవతగా తలచి శాంతి కోసం వేడుకుంటుంది. పవిత్రమైన దేవీ, ఈ పురాతన వృక్షాలకి వెండి వెలుగు పూస్తున్న తల్లీ, మబ్బూ ముసుగూ లేని నీ ముఖాన్ని మావైపు తిప్పు అని. ఆమె ఒక రోమన్ అధికారిని ప్రేమించి రహస్యంగా ఇద్దరు పిల్లల్ని కన్నదని ఆ వింటున్న జనానికి తెలియదు. ఆ శాంతి తన ఇంటికి కూడా కావాలన్నమాట. ఇది మనసులో ఉంచుకుని వింటే ఆ పాట ఇంకోలా వినిపిస్తుంది.

3వ రోజు

స్కోర్ దొరికింది. కాపీరైట్ తీరిపోయిన పాత వోకల్ స్కోర్, ప్రింట్ తీసి బల్ల మీద పరిచాను. వోకల్ స్కోర్‌లో పాట లైను పైన విడిగా ఉంటుంది, ఆర్కెస్ట్రా మొత్తాన్ని కింద రెండు లైన్లలో పియానోకి కుదించి ఇస్తారు, రిహార్సల్‌లో గాయకులకి తోడుగా వాయించడానికి. ఒక రచనని ఇంకో వాద్యానికి తిరగరాయడాన్ని ట్రాన్‌స్క్రిప్షన్ అంటారు. చాలామంది ఇదే ట్రాన్‌స్క్రిప్షన్ అనుకుంటారు, కాదు. ఆ పియానో భాగంలో ఉండేది తోడు మాత్రమే, పాట గాయని గొంతులో ఉంటుంది. ఆ రెండింటినీ కలిపి పది వేళ్లలో ఇమడ్చడం దగ్గర అసలు పని మొదలవుతుంది.

నోర్మా మొదటిసారి మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా థియేటర్‌లో 1831 డిసెంబర్ 26న ఆడింది. సాహిత్యం ఫెలిచె రొమానిది, మొదటి నోర్మా జుడిత్తా పాస్తా. బెల్లీని చేతిరాత ప్రతిలో ఈ పాట జి మేజర్‌లో ఉంది, మామూలుగా పాడేది మాత్రం ఒక స్వరం తగ్గించి ఎఫ్ మేజర్‌లో. నా స్కోర్ ఎఫ్‌లోనే. లయ 12/8, పైన ‘ఆందాంతె సొస్తెనూతో అస్సాయి’ అని రాసి ఉంది, అంటే నిదానంగా, స్వరాన్ని బాగా నిలిపి. ఆ ‘నిలిపి’ అన్న మాట దగ్గర పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకున్నాను.

5వ రోజు

మొదటి ప్రయత్నం. అందరికీ ముందు తోచేదే చేశాను: పాట కుడి చేతిలో, ఉన్న స్థాయిలోనే, తీగల వాద్యాల ఆర్పెజియోలు (కలిసి మోగే స్వరాలని విడదీసి ఒకదాని తర్వాత ఒకటిగా వాయించడం) ఎడమ చేతిలో. గంటన్నరలో రాయడం అయిపోయింది, రికార్డ్ చేసి విన్నాను. నోట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, పాట మాత్రం లేదు.

కారణం వెతుక్కోనక్కర్లేదు. పియానో కీ నొక్కగానే సుత్తి తీగని కొట్టి వెనక్కి పోతుంది, ఆ తర్వాత ఆ స్వరం మీద నాకు ఏ అధికారమూ లేదు. కొట్టిన క్షణం నుంచి తగ్గిపోతూ ఉంటుంది. సొప్రానో (పై స్థాయిలో పాడే గాయని) ఒకే స్వరం మీద సన్నగా మొదలుపెట్టి, పెంచి, మళ్లీ సన్నగా చేయగలదు. బెల్లీని పాటలు పూర్తిగా దాని మీదే నిలబడ్డాయి. ఇంకో ఇటలీ స్వరకర్త వెర్డి 1898లో రాసిన ఒక ఉత్తరంలో బెల్లీని పాటల గురించి ‘పొడవైన, పొడవైన, పొడవైన’ అని ఒకే మాటని మూడుసార్లు అన్నాడు, అంతకుముందు ఎవరూ అలా రాయలేదని. అంత పొడవు పాటని, పుట్టగానే చావడం మొదలుపెట్టే స్వరాలతో కట్టాలి. పైగా పియానోలో పై స్థాయికి వెళ్లేకొద్దీ తీగలు పొట్టివి, స్వరం ఇంకా త్వరగా ఆరిపోతుంది, సొప్రానో పాట సరిగ్గా అక్కడే ఉంది.

ఇక ఈ ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క సమస్యే అనిపిస్తోంది.

8వ రోజు

విజయనగరంలో ఉన్న మా పెద్దమ్మకి రికార్డింగ్ పంపాను. ఆవిడ అక్కడి సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంది, ఇంట్లో ఇప్పటికీ బొబ్బిలి వీణ ఉంది, పనస చెక్కతో ఒకే ముక్కగా చేసినది. ఒపేరా ఆవిడ ఎప్పుడూ వినలేదు. రాత్రి ఫోన్ చేసింది.

“ఒరేయ్ నాన్నా, స్వరాలన్నీ వరసపెట్టి కొడుతున్నావు. పాడేది ఎప్పుడు?”

“పియానోలో కొట్టక తప్పదు పెద్దమ్మా. మీలాగా తీగ లాగి గమకం ఇవ్వడానికి ఉండదు.”

“అది సరేలే. ముందు సాహిత్యం చెప్పు.”

చదివి వినిపించాను. కా-స్తా-దీ-వా-కె-ఇ-నార్-జెన్-తి. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుని, తన నోటితో కూడా అని చూసి, అప్పుడు అంది: “అక్షరం పడ్డ చోట మీటు పడాలి. అక్షరానికీ అక్షరానికీ మధ్య వచ్చే స్వరాలకి మీటు వినపడకూడదు. మాకు కృతి నేర్పినప్పుడు మా మేష్టారు మొదట చెప్పింది ఇదే. నువ్వు అన్నిటికీ ఒకే మీటు వేస్తున్నావు.”

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. వీణ కూడా మీటిన క్షణం నుంచి తగ్గిపోయే వాద్యమే కదా, దాని మీద కూడా గొంతు కోసం పుట్టిన కృతులే కదా వాయించేది. నేను పుస్తకాల్లో వెతుకుతున్న సమస్యతో ఈవిడ యాభై ఏళ్లుగా కాపురం చేస్తోంది.

11వ రోజు

స్కోర్ మొత్తం ఎర్ర పెన్సిల్‌తో దిద్దాను. అక్షరం పడే ప్రతి నోటు మీద ఒక చుక్క. చూస్తే ఆశ్చర్యం వేసింది, ‘కా’ అనే ఒక్క అక్షరం మీద గొంతు ఎంతసేపు నిలుస్తుందో, మధ్యలో అల్లికలాంటి చిన్న స్వరాలు ఎన్ని వస్తాయో, వాటిలో చాలావాటికి చుక్క లేదు.

చుక్క లేని నోటుని ఎలా వాయించాలి? నాలుగు రోజులు ఇదే సాధన. ముందు స్వరం తగ్గుతూ తగ్గుతూ ఎక్కడికి వచ్చిందో చెవితో పట్టుకుని, తర్వాతి స్వరాన్ని సరిగ్గా అంతే బలంతో మొదలుపెట్టాలి. ఎక్కువైతే కొత్త మాటలా వినిపిస్తుంది, తక్కువైతే మింగేసినట్టు ఉంటుంది. రాయడానికి తేలిగ్గా ఉంది, చేతికి రావడానికి చాలా నిదానంగా వాయించాల్సి వచ్చింది, మెట్రోనోమ్ పూర్తిగా ఆపేశాను. కానీ ఒక్క వాక్యం కుదిరినప్పుడు, మొదటిసారి, అది పాటలా వినిపించింది.

15వ రోజు

పంతొమ్మిదో శతాబ్దపు పియానో విద్వాంసుడు తాల్బెర్గ్ దగ్గరికి వచ్చాను. ఈయన పేరు ఇప్పుడు ఎక్కువగా లిస్ట్‌తో పోటీ వల్లే గుర్తు చేసుకుంటారు, 1837 మార్చి 31న పారిస్‌లో బెల్జియొయోజో యువరాణి ఇంట్లో ఇద్దరూ ఒకే వేదిక మీద వాయించారు. నాకు ఆ పోటీ కంటే ఆయన చేతివాటం ముఖ్యం. తాల్బెర్గ్ పాటని కీబోర్డు మధ్యలో పెట్టి రెండు బొటనవేళ్లకీ పంచి ఇస్తాడు, మిగతా వేళ్లు కింద బేస్‌నీ పైన ఆర్పెజియోలనీ అల్లుతాయి. వింటే మూడు చేతులున్నట్టే ఉంటుంది. దీన్ని మామూలుగా చూడడానికి గొప్ప విన్యాసంగా చెప్పుకుంటారు. వాయించి చూస్తే దీని అసలు ప్రయోజనం వేరే అని తెలుస్తుంది: మధ్య స్థాయిలో తీగలు పొడవు, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది, పైగా బొటనవేలు బరువైన వేలు కాబట్టి పాటకి నిండుదనం దానంతటదే వస్తుంది.

ఆయన ‘పియానోకి అన్వయించిన గాన కళ’ అనే సంపుటి ఒకటి వేశాడు. మొదటి పాటే బెల్లీనిది, ‘ప్యూరితానీ’ ఒపేరాలోని ‘ఆ తె, ఓ కారా’. ముందుమాటలో సలహాలు ఉన్నాయి. కీల మీద కొట్టొద్దు, పిండి పిసికినట్టు పిసకాలి, చేతిలో ఎముకలే లేనట్టు, వేళ్లు ముఖమల్‌వైనట్టు ఉండాలి అని. ఇది చదివి పెద్దమ్మకి చెప్పాను, “ఆయనెవరో మంచి మేష్టారే” అంది.

కాబట్టి మొదటి చరణం మొత్తాన్ని ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కిందికి దించాను. సొప్రానో పాట ఇప్పుడు సెల్లో పాడినట్టుగా ఉంది. పైన కుడి చేతి మిగతా నాలుగు వేళ్లలో ఆర్పెజియోలు, ఫ్లూట్ వాయించే ప్రారంభాన్ని మాత్రం అసలు స్థాయిలోనే ఉంచాను, దానివల్ల ఫ్లూట్ నుంచి గొంతుకి మారడం స్పష్టంగా తెలుస్తోంది. బొటనవేళ్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాటని అందించే చోట్ల అతుకు వినపడుతోంది, వారం పడుతుంది అది పోవడానికి.

ఇంకో సంగతి. వీణలో పక్కన మూడు తాళం తీగలుంటాయి, చూపుడువేలూ నడిమివేలూ పాట మీటుతుంటే చిటికెనవేలు ఆ తాళం తీగల్ని మీటుతుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఒక చేత్తో రెండు పనులు. తాల్బెర్గ్ పేజీ ముందు పెట్టుకున్నాక గాని అది నాకు తట్టలేదు.

20వ రోజు

శ్రుతి మార్చాలా వద్దా అని రెండు రోజులు గుంజాటన. ఎఫ్ మేజర్‌లో దాదాపు అన్నీ తెల్ల కీలే. చదవడానికి హాయి, వేళ్లకి కాదు, ముఖ్యంగా బొటనవేళ్లు పాట వాయిస్తూ మిగతా వేళ్లు సాగిన ఆర్పెజియోలు వాయించేటప్పుడు. పొడుగు వేళ్లు నల్ల కీల మీద ఉంటే చేతికి సహజమైన ఆకారం వస్తుందని స్వరకర్త షోపెన్ తన శిష్యులకి నేర్పేవాడు, అందుకే ముందు బి మేజర్ స్కేల్ ఇచ్చేవాడు. అది గుర్తొచ్చి జి ఫ్లాట్‌లో వాయించి చూశాను. బెల్లీని రాసిన జి మేజర్‌కీ అలవాటుగా పాడే ఎఫ్‌కీ సరిగ్గా నడిమధ్య. ఆరు ఫ్లాట్లు, చదవడం కష్టమే, కానీ చెయ్యి వెంటనే కుదురుకుంది. మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో మొత్తం మార్చేశాను. ఇక వెనక్కి వెళ్లను.

27వ రోజు

ఈ వారమంతా ఒకే చోట. పాట తెలిసినవాళ్లకి అది ఏ చోటో చెప్పనక్కర్లేదు: గొంతు పైకి ఎక్కి, ఒకే పై స్వరాన్ని లయకి అడ్డంగా మళ్లీ మళ్లీ తాకుతూ, ప్రతిసారీ ఇంకొంచెం పెంచుతూ, చివరికి ఒక్క అరస్వరం మాత్రం పైకి వెళ్లి, అక్కడి నుంచి జాలువారుతుంది. ఎఫ్‌లో అయితే ఎ మీద నిలిచి బి ఫ్లాట్‌కి చేరడం. నా జి ఫ్లాట్‌లో బి ఫ్లాట్ మీద నిలిచి సి ఫ్లాట్‌కి.

పియానోలో అదే స్వరాన్ని మళ్లీ మళ్లీ కొడితే తలుపు తట్టినట్టు వినిపించింది. గట్టిగా కొడితే ఇంకా గట్టిగా తలుపు తట్టినట్టు. ఆక్టేవ్‌లు కలిపాను, పెద్ద తేడా లేదు.

దారి లిస్ట్ దగ్గర దొరికింది, ‘నోర్మా’లో కాదు, జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపేరా నుంచి ఆయన రాసుకున్న దాంట్లో. ‘ట్రిస్టాన్ ఉండ్ ఇజోల్డె’ చివరి దృశ్యాన్ని లిస్ట్ 1867లో పియానోకి రాశాడు. ‘ఇజోల్డె లీబెస్టోడ్’ అన్న పేరుతో అది అచ్చయ్యాకే ఆ దృశ్యానికి జనంలో ఆ పేరు స్థిరపడింది, వాగ్నర్ దాన్ని వేరే పేరుతో పిలిచేవాడు. ఆ పేజీలు తెరిచి, ఇజోల్డె గొంతు పెరిగే చోట్ల పాట లైను కాకుండా దాని చుట్టూ ఏం జరుగుతోందో మాత్రమే చూశాను. ట్రెమోలోలు (వేగంగా వణికే స్వరాలు), ఆగకుండా కొట్టుకునే కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు). పెరిగేది అవి. పాట స్వరం ఎప్పటిలాగే తగ్గిపోతూనే ఉంది, కానీ చుట్టూ ఉన్నది పెరుగుతుంటే చెవి ఆ పెరుగుదలని పాటకే జమ కట్టేస్తుంది. చెవికి గాయని కావాలి, అందుకని తనే గాయనిని తయారు చేసుకుంటుంది.

వెంటనే అదే చేశాను. పై స్వరం ప్రతిసారీ దాదాపు ఒకే బలంతో, కొంచెం మాత్రమే పెంచి. ఎడమ చేతిలో మాత్రం అప్పటిదాకా విడివిడిగా పాకిన ఆర్పెజియో మూడేసి కార్డులుగా గట్టిపడి, మంద్రం నుంచి పైకి వస్తూ, పెరుగుతూ, సి ఫ్లాట్ దగ్గర రెండు చేతులూ కీబోర్డు రెండు చివరల వైపు విడిపోయేలా. రాత్రి ఒంటి గంటకి హెడ్‌ఫోన్స్‌లో మొదటిసారి కుదిరింది. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పదకొండు రోజుల క్రితం నేను అడ్డంకి అనుకున్న చోటు ఇప్పుడు నాకు ఈ పాటలో అన్నిటికంటే ఇష్టమైన చోటు.

29వ రోజు

కోరస్ భాగం రాశాను. జనం అదే పాటని ఎత్తుకుంటారు, నోర్మా పైన చిన్న చిన్న అల్లికలు పాడుతుంది. పాట మధ్యలో బొటనవేళ్లకి, కోరస్‌లాగా మెత్తటి కార్డులతో, నోర్మా మాత్రం పైన అసలు స్థాయిలో, కుడి చేతి చిటికెనవేలు, ఉంగరపు వేలుతో. అనుకున్నంత ఇబ్బంది పెట్టలేదు. రెండో చరణానికి కొత్తగా ఏమీ చేయలేదు, ఆర్పెజియోలు కొంచెం పలచన చేశాను.

33వ రోజు

పెడల్‌తో గొడవ. నా డిజిటల్ పియానోతో వచ్చిన పెడల్‌కి ఉన్నది రెండే స్థితులు, నొక్కినట్టు లేదా వదిలినట్టు. సగం నొక్కడం దానికి తెలియదు. ఈ రచనలో సగం పెడల్ లేకపోతే కుదరదు: బేస్ నిలవాలి, కానీ పాటలోని పక్కపక్క స్వరాలు ఒకదానిమీద ఒకటి పేరుకోకూడదు. రెండు రోజులు నా కాలిదే తప్పనుకుని కాలికి సాధన చేయించాను. వాద్యం పుస్తకం చదివితే ఇంకో రకం పెడల్ తగిలించుకోవచ్చని ఉంది. తెప్పించాను. ఆరు వారాల్లో డబ్బు ఖర్చయింది దీనికొక్కదానికే, ముందే కొనాల్సింది. మీరెవరైనా ఇలాంటివి మొదలుపెడితే మొదటి రోజే పెడల్ సంగతి చూసుకోండి.

37వ రోజు

సికింద్రాబాద్‌లో ఒక పాత చర్చి హాల్లో నిలువు పియానో ఉంది, స్నేహితుడి ద్వారా గంటసేపు అనుమతి దొరికింది. అసలు తీగల మీద వినాలి, లేకపోతే ఈ లెక్కలన్నీ హెడ్‌ఫోన్స్ లెక్కలే.

చాలా మారాయి. మధ్య స్థాయి నేను ఊహించినదానికంటే బాగా పాడింది, ఆ చెక్క గదిలో మొదటి చరణం నిండుగా నిలబడింది. పై స్థాయి మాత్రం ఇంట్లో కంటే తొందరగా ఆరిపోయింది, ఫ్లూట్ ప్రారంభం చుక్కలు చుక్కలుగా వినిపించింది. అక్కడికక్కడే టెంపో కొంచెం పెంచాను. ఇంట్లో నిదానంగా ఎంత బాగున్నా, ఈ తీగలు ఎంతసేపు నిలుస్తాయో దాన్ని బట్టే పాట నడవాలి, నా ఇష్టాన్ని బట్టి కాదు. గాయని తన ఊపిరిని బట్టి నడిపినట్టే ఇదీ. పై స్వరం పెరిగి పెరిగి చేరే ఆ శిఖరం దగ్గర కార్డులు మరీ బరువయ్యాయి, పాట మునిగిపోయింది. ప్రతి కార్డు నుంచి ఒక నోటు తీసేశాను, లోపలి నోటు, బేస్ కాదు.

హాలు ఊడ్చే ఆవిడ చివరి పది నిమిషాలు చీపురు పక్కన పెట్టి బెంచీ మీద కూర్చుంది. అయిపోయాక “ఇది దేవుడి పాటా బాబూ?” అని అడిగింది. అవునమ్మా, ప్రార్థన, అన్నాను. ఏ దేవతకో చెప్పలేదు.

42వ రోజు

శుభ్రంగా మళ్లీ రాసి ప్రింట్ తీశాను. ఏడు పేజీలు. తొమ్మిదో టేక్ రికార్డింగ్ ఉంచాను, అంతకంటే తప్పులు తక్కువున్న ఆరో టేక్ ఉంది గాని అందులో ఊపిరి లేదు.

పెద్దమ్మకి పంపితే ఈసారి వెంటనే ఫోన్ రాలేదు, సాయంత్రం వచ్చింది. మూడుసార్లు విందట. శిఖరం గురించి ఏమైనా అంటుందేమో అనుకున్నాను, దాని మాటే ఎత్తలేదు.

“ఆ చివర, అందరూ ఊరుకున్నాక ఆవిడ కిందికి దిగి వస్తుంది చూడు, అక్కడ ఒక మీటు ఎక్కువేశావు. అక్షరం లేదక్కడ.”

స్కోర్ తీసి చూశాను. నిజమే, ఆ నోటు మీద ఎర్ర చుక్క లేదు. జి ఫ్లాట్‌కి మార్చేటప్పుడు నిలిచి ఉండాల్సిన ఒక స్వరాన్ని రెండుగా విడగొట్టి రాసేశాను. రెండింటినీ టై గీతతో కలిపి, ఏడో పేజీ ఒక్కటీ మళ్లీ ప్రింట్ తీశాను.